గోడ అవతల మా పాప

స్వైన్ ఫ్లూ వచ్చి తగ్గినవాళ్ళు ఇప్పుడు కనబడితే మాస్కుల గురించి, మందుల గురించి, నోటికి రుచి తెలియకపోవడం గురించి బాగానే చెబుతారు. మంచంలో పడి పక్కింటావిడ మీద కుళ్ళుకుని చచ్చామని మాత్రం ఒక్కరూ చెప్పరు. నాకు ఆ జబ్బులో ఒళ్ళునొప్పులకంటే ఆ కుళ్ళే ఎక్కువ బాధ పెట్టింది. ఒంట్లో బాగైంది గనుక, మా పాప నా పక్కనే కూర్చుని పలక మీద బొమ్మలు గీస్తోంది గనుక ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఎవరికైనా నాలాగే జరిగి ఉంటే, వాళ్ళు ఇది చదివి కొంచెం ఊపిరి పీల్చుకుంటే చాలు.

మన్సూరాబాద్‌లో మొదటి అంతస్తులో ఉంటాం. ఒకే వరండాకు పక్కపక్కన రెండు వాటాలు, మధ్యలో ఒకటే గోడ. గోడకు ఇవతల నేను, మా ఆయన మల్లేశం, ఒకటో తరగతి చదివే మా పాప శ్రావ్య. మేము నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చినవాళ్ళం. ఆయన బస్సు డిపోలో మెకానిక్. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్టీలు సామాన్ల షాపులో గిన్నెల మీద, పళ్ళాల మీద మిషన్‌తో పేర్లు చెక్కుతాను. గోడకు అవతల రాజ్యలక్ష్మి అక్క, ఆమె భర్త. వాళ్ళది తెనాలి. ఆయన ఎరువుల కంపెనీ పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఒక్కడే కొడుకు, వాణ్ణి ఇంటర్‌కి విజయవాడలో హాస్టల్లో వేశారు. అక్క ఉద్యోగం చేయదు. పొద్దెక్కాక తీరిగ్గా తలంటుకుని వరండాలో జుట్టు ఆరబెట్టుకుంటుంది. నేను ఆ పాటికి బస్సులో ఊచ పట్టుకుని, నా కాలు మీద ఎవరి కాలుందో కూడా తెలియకుండా నిలబడి ఉంటాను.

రెండువేల తొమ్మిది ఆగస్టులో ఆ జబ్బు భయం పట్నమంతా పాకింది. బస్సులో ఒకరు తుమ్మితే చుట్టూ జాగా ఖాళీ అయ్యేది. కర్పూరం, యాలకులు గుడ్డలో మూటకట్టి పిల్లల మెడలో వేస్తే దగ్గరికి రాదని ఎవరో పుట్టించారు. నేనూ కట్టాను. పాప స్కూల్లో పైతరగతి పిల్లకు వచ్చిందని తెలిసి స్కూలు మూసేశారు. మొదట వారమన్నారు, ఆ తర్వాత మళ్ళీ చెబుతామన్నారు.

స్కూలు మూశారు సరే, మా షాపు మూయలేదు కదా! పైగా శ్రావణమాసం. వ్రతాలు, పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, అందరికీ స్టీలు సామానే కావాలి, అందరికీ పేర్లు ఇప్పుడే పడాలి. సెలవడిగితే మా ఓనర్ చేతులు జోడించాడు. “భాగ్యమ్మా, సీజన్ల గిట్ల జేస్తే ఎట్లమ్మా? జర నా సంగతి గూడ చూడు” అన్నాడు.

మా ఆయన్ని అడిగాను. “డిపోల సగం మంది జ్వరమని వస్తలేరు. ఉన్నోళ్ళను ఎట్ల ఇడుస్తరే?” అన్నాడు.

“మరి గా పోరిని ఎవలు చూస్తరు? తాళమేసి పోదామా?”

“నువ్వే జర సర్దుకో.”

“నేనే ఎందుకు సర్దుకోవాలె? నాది పని గాదా?”

ఊళ్ళో మా అత్తకు ఫోన్ చేస్తే, పత్తిచేను విడిచి కదలనంది. ఫోన్ పెట్టేశాక మళ్ళీ ఇద్దరం ఒకరి మీద ఒకరం లేచాం. పాప మా మధ్యలో నిలబడి చెవులు మూసుకుంది. స్కూళ్ళు మూయమని చెప్పే పెద్దలకు ఇళ్ళల్లో పిల్లల్ని ఎవరు చూస్తారన్న ఊసే తట్టదా అని అప్పుడు ఎంత తిట్టుకున్నానో! పక్కింట్లో కూడా వినబడే ఉంటుంది.

మర్నాడు పొద్దున రాజ్యలక్ష్మి అక్క మా గుమ్మంలోకి వచ్చింది. “పిల్లని నా దగ్గర వదిలెయ్యి భాగ్యా. నాకేం పనుందని? మావాడు వెళ్ళిన దగ్గర్నుంచీ ఇల్లు బావురుమంటోంది” అంది. నేను ఆవిడ కాళ్ళు మొక్కినంత పని చేశాను.

కుళ్ళు మొదలైంది ఆ సాయంత్రమే. నేను అలసిపోయి ఇంటికొచ్చేసరికి పాప రెండు జడలతో, కనకాంబరాలతో, ముఖం కడిగి పౌడరేసిన బొమ్మలాగా ఉంది. నా చేత జడ వేయించుకోమంటే ఇల్లంతా పరుగెత్తే పిల్ల అది. “ఆంటీ సొరకాయ కూర చేసింది. మంచిగుంది. నువ్వు చేసేది చప్పగుంటది” అని నా ముఖం మీదే చెప్పింది. సొరకాయ! మా ఇంట్లో పళ్ళెంలో కనబడితే ఏడ్చే పిల్ల! ఇంకో నాలుగు రోజులు పోయాక “ఏంటమ్మా, ఇటు రామ్మా” అనడం మొదలుపెట్టింది. మా ఆయన పడి పడి నవ్వాడు. “ఓరినీ, మనం తెలంగాణ కోసం కొట్లాడుతుంటే మన ఇంట్లనే ఆంధ్ర పుట్టింది గదా!” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. “ఏంటి గాదు, ఏంది అనాలె” అని పాపను కసిరాను. అది అక్క ఇంట్లోకి పరుగెత్తింది.

స్కూలు తెరిచారు, రెండు రోజులకు ఇంకెవరికో దగ్గు వచ్చిందని మళ్ళీ మూశారు. నేను మళ్ళీ పాపను పట్టుకెళ్ళి ఆవిడ గుమ్మంలో దింపాను. మనసులో తిట్టుకుంటూనే పైకి పళ్ళికిలించాను. వేరే దిక్కు లేదు.

సెప్టెంబర్లో జబ్బు నాకే వచ్చింది. షాపులో ఒక పెళ్ళి బిందె మీద పేరు చెక్కుతుంటే చేతిలో మిషన్ నిలవలేదు. అక్షరం మీద వేసిన గుడి పక్కకు జారిపోయింది. చలి, ఆ తర్వాత ఎముకలన్నీ ఎవరో విడదీసి మళ్ళీ బిగిస్తున్నట్టు నొప్పి. సర్కారు దవాఖానలో పరీక్ష చేయించుకోమన్నారు. అక్కడ బెంచీల మీద కూర్చున్నవాళ్ళందరం ఒకరినొకరం దొంగచూపులు చూసుకున్నాం. ఎవరైనా దగ్గితే మిగతావాళ్ళు కాళ్ళు కూడా పక్కకు లాక్కునేవారు. నా ముక్కుకున్న కర్చీఫ్ తడిసి ఊపిరాడక తల గోడకు ఆనించాను. పక్క బెంచీలోని బుర్ఖా ఆమె తన సంచిలోంచి కొత్త మాస్కు తీసి, దగ్గరికి వచ్చి, నా చెవుల వెనక ముడి కూడా తనే వేసింది. “డరో మత్, బేటీ” అని, భయపడొద్దంది. అందరూ దూరం జరిగే చోట దగ్గరికి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె పేరేమిటో అడగలేకపోయాను.

జబ్బు ఉందని తేలింది. మరీ ముదరలేదు గనుక గోళీలు ఇచ్చి ఇంట్లోనే వేరే గదిలో ఉండమన్నారు. నేను మెట్ల కింద నిలబడి, పైన వరండాలో ఉన్న పాపకు గట్టిగా అరిచి చెప్పాను. “నేను చెప్పేదాంక నా దగ్గరికి రావద్దు బిడ్డా. ఆంటీ దగ్గర్నే ఉండు. సరేనా?” తల ఊపింది. ఏడవలేదు. ఏడవనందుకు సంతోషించాలో వద్దో తెలియలేదు.

నేను పడుకున్న గదికి కిటికీ లేదు. ఎవరికైనా ఈ గతి పడితే కిటికీ ఉన్న గది తీసుకోండి, ఆ ఒక్క మాట నా తరఫున గుర్తుపెట్టుకోండి. నా మంచం ఆనుకున్న గోడకు అవతల అక్క వాళ్ళ హాలు. అన్నీ వినబడేవి. టీవీ, కుక్కర్ కూత, పాప పరుగు, పాప నవ్వు. నేను గోడ మీద తట్టాలని చెయ్యి ఎత్తేదాన్ని. తడితే అది పరుగెత్తుకొస్తుందేమో, వస్తే దానికి అంటుకుంటుందేమో అని దించేసేదాన్ని. మళ్ళీ నవ్వు వినబడేది. అంత నవ్వేముంది ఆ ఇంట్లో? తల్లి చావుబతుకుల్లో ఉంటే నవ్వొస్తుందా? ఆరేళ్ళ పిల్ల మీద కూడా కోపమొచ్చింది. ఆవిడ మీదైతే చెప్పనే వద్దు. మూడు పూటలా ఆవిడ పంపిన చారన్నమే తింటూ, ఆ క్యారియర్ వంకే పళ్ళు నూరుతూ చూసేదాన్ని. ఆ చారు ఎంత బాగుండేదో! అది మరీ మంట.

మా ఆయన డిపో నుంచి రాగానే తలుపు బయట నిలబడి మాట్లాడేవాడు. “పాప ఎట్లుంది?” అని అడిగేదాన్ని. “మస్తుగున్నది. నిన్ను అసలు యాదే చేస్తలేదు. నువ్వేం ఫికర్ పెట్టుకోకు” అనేవాడు. నా మనసు కుదుటపడాలని అన్నమాట అది. తలుపు మూశాక దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

అదే సమయంలో బతుకమ్మ పండగ వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నేను బతుకమ్మ ఆడని ఏడాది అదొక్కటే. కింద వాకిట్లో చప్పట్లు, పాటలు వినబడుతున్నాయి. కాసేపటికి మెట్ల మీద ఎవరో ఆడవాళ్ళు నవ్వుకుంటూ పోతూ, “శ్రావ్య బతుకమ్మ చూసినవా? ఆంధ్రామె పేర్చిందంట, జర ఒరిగింది గానీ ఎంత ముద్దుగున్నదో” అన్నారు. తంగేడు పూలు ఎటు తిప్పి పెట్టాలో కూడా తెలియని మనిషి! మా అమ్మ నాకు నేర్పినది, నేను నా బిడ్డకు నేర్పవలసినది. ఆవిడ ఎవరినో అడిగి, నేర్చుకుని, ఒరగదీసి పేర్చి, నా బిడ్డ చేతిలో పెట్టింది. నా జ్వరం ఆ సాయంత్రం మళ్ళీ పెరిగింది.

దసరా దాటాక డాక్టరు ఇక భయం లేదన్నాడు. తలారా స్నానం చేసి, కాళ్ళు తేలిపోతుంటే గోడ పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. “బిడ్డా” అని చేతులు చాచాను. పాప నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసి అక్క కొంగు వెనక్కి పోయింది. దగ్గరికి రావద్దని చెప్పింది నేనే. చెప్పిన మాట వింటోంది పాపం. అయినా చాచిన చేతులు దించలేదు.

“అమ్మేనే, వెళ్ళు. తగ్గిపోయింది అమ్మకి” అని అక్క దాన్ని ముందుకు తోసింది. అది రాలేదు. నన్ను మంచి చేసుకోవాలనుకుందేమో, వంటింట్లోకి పరుగెత్తి ఒక చిన్న పళ్ళెం పట్టుకొచ్చి దూరం నుంచే చూపించింది. “నా ప్లేటు! నా పేరున్నది, చదవనా?” అని వేలు పెట్టి చదివింది. “కొత్తపల్లి శ్రావ్య.”

కొత్తపల్లి ఆవిడ ఇంటిపేరు. మాది చింతకింది. నా బిడ్డ చింతకింది శ్రావ్య.

అక్షరాలు చూడగానే అది మా షాపు మిషనేనని తెలిసిపోయింది. నేను లేనప్పుడు నా సీట్లో కూర్చున్నామె రాత. మా షాపులో అలవాటు ఒకటుంది. పిల్లల పళ్ళేలు కొనేది తల్లిదండ్రులో తాతలో గనుక, పిల్ల పేరు చెబితే బిల్లు చూసి ఇంటిపేరు మేమే ముందు చేర్చేస్తాం. నేనే ఎన్నిసార్లు చేశానో! “ఇంటిపేరు రాయలేదేం?” అని కొన్నవాళ్ళు గొడవ పెడతారని.

అక్క ముఖం తెల్లబోయింది. “నేను పేరొక్కటే చెప్పాను భాగ్యా. ఇంటికొచ్చాక చూసుకున్నాను. మార్పిద్దామంటే చెక్కింది పోదన్నారు. ఇది ఆ పళ్ళెం చూసి ఒకటే సంబరపడుతుంటే లాక్కోలేకపోయాను.”

“లాక్కోలేకపోయిన్రా, ఇష్టమయ్యి ఉంచుకున్నరా?” అన్నాను. “నా బిడ్డకు ఇల్లున్నది. ఇంటిపేరున్నది. నేనింకా సావలే.”

పాపను రెక్క పట్టి లాక్కొచ్చాను. అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఆయన విని, “గా పాటి దానికి గంత లొల్లి ఎందుకే? మన పోరిని కడుపుల పెట్టుకుని చూసుకున్నది గదా” అన్నాడు. “కడుపుల పెట్టుకోవద్దనే నేను చెప్పేది” అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మగవాళ్ళకు కొన్ని చెప్పినా అర్థం కావు, పోనీండి.

అప్పటినుంచి పాపను అవతలికి పంపలేదు. స్కూలు అయ్యాక ఆటోలో షాపుకే తెప్పించుకుని నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేదాన్ని. ఆ మిషన్ జర్రుమనే చప్పుడుకు దానికి తలనొప్పి వచ్చేది. నాతో మాట్లాడేది, అడిగింది చెప్పేది, కానీ నా ఒళ్ళోకి ఎక్కేది కాదు. చెయ్యి వేస్తే కొంచెం బిగుసుకునేది. నాకు కావలసింది ఆ ఒక్కటే. అదే తిరిగి రాలేదు.

డిసెంబర్లో పట్నం అట్టుడికింది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. మళ్ళీ స్కూళ్ళు మూశారు. ఈసారి తేడా ఏమిటంటే మా షాపూ మూసింది, డిపోలో బస్సులూ ఆగిపోయాయి. జబ్బు వచ్చినప్పుడు స్కూలు ఒక్కటే మూసి మమ్మల్ని నడిబజార్లో నిలబెట్టారు. బంద్ మాత్రం అందరినీ ఇంటికి పంపింది. మా ఆయన ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పుకు పోయాడు, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే నిరసన అది. నాకు మాత్రం ఎంత సంబరమో! పొద్దంతా నేను, నా బిడ్డ. దానికి నువ్వుల ఉండలు చేసిపెట్టాలని బెల్లం దంచుతున్నాను. తల తిప్పి చూస్తే పాప లేదు.

వరండాలో అక్క వాళ్ళ తలుపు కొడుతోంది. “ఆంటీ, ఆంటీ.” ఎవరూ తీయలేదు. రెండు రోజులుగా ఆ ఇంట్లో అలికిడి లేదని అప్పుడు గుర్తొచ్చింది. గొడవలకు భయపడి తెనాలి పోయారేమో అనుకున్నాను. పీడ పోయిందని కూడా అనుకున్నాను, దాచడమెందుకు? అంతలో లోపలినుంచి దగ్గు వినబడింది. ఆ దగ్గు నాకు బాగా తెలుసు.

“అక్కా, తలుపు తీయుండ్రి” అన్నాను.

“వద్దు భాగ్యా, తియ్యను” అని లోపలినుంచి నీరసంగా అంది. “ఒళ్ళు కాలిపోతోంది. పిల్లని అటు తీసుకెళ్ళిపో. గడప దగ్గరికి కూడా రానివ్వకు.”

“మీ సారు ఏడి?”

“గుంటూరులో ఇరుక్కుపోయారు. బస్సుల్లేవంట.”

ఉండనీ, నేను పడ్డది ఆవిడా పడనీ అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణమూ చాలా హాయిగా ఉంది. తర్వాత ఆ దగ్గు మళ్ళీ వినబడింది. ఆ ఇంట్లో నీళ్ళిచ్చేవాళ్ళు కూడా లేరని తట్టింది.

“నాకు వచ్చిపోయింది గదా, నాకేం గాదు. తీస్తరా, ఇరగ్గొట్టాల్నా?” అన్నాను. గడియ తీసిన చప్పుడైంది. పాపను వరండా చివర చాప వేసి కూర్చోబెట్టి, ముఖానికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాను. అక్క మంచం మీద ముడుచుకుని ఉంది. నూనెతో నిగనిగలాడే ఆ జుట్టు ఉండలు కట్టింది. జావ కాచి తాగించాను. తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి, వీధి చివర సగం షట్టర్ ఎత్తిన మందుల షాపులో ఆయన చెప్పిన గోళీలు తెచ్చాను. నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే కళ్ళు తెరిచి నా వంక చూసింది.

“నువ్వు గదిలో ఉన్నన్నాళ్ళూ రోజూ అడిగేది” అంది.

“ఎవరు?”

“పిల్ల. పడుకోబోయే ముందు రోజూ అదే. అమ్మకి తగ్గిందా, అమ్మకి తగ్గిందా అని. తలుపు బయట నుంచైనా నీతో మాట్లాడించమని ఒకటే పోరు.”

నుదుటి మీది గుడ్డ తీసి పట్టుకున్నాను. “మరి నాకెందుకు చెప్పలే?”

అక్క కళ్ళు మూసుకుంది. “చెబితే తీసుకురమ్మంటావు. నీ గొంతు విన్నదంటే ఇంక నా దగ్గర ఉండదు. మావాడు హాస్టల్నుంచి ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు. ఇదేమో నా కొంగు పట్టుకు తిరిగేది. మీ ఆయనకీ నేనే చెప్పాను, బెంగ పెట్టుకోలేదని చెప్పమని. నాలుగు రోజులు నాదేననుకున్నాను భాగ్యా.”

ఆ తడిగుడ్డ ఆవిడ ముఖాన విసిరికొట్టాలనిపించింది. నా బిడ్డ నన్ను మర్చిపోయిందని గోడకు ఇవతల నేను కుమిలిపోతుంటే, జానెడు దూరంలో ఈవిడ ఆ మాట నోట్లోనే పెట్టుకుని కూర్చుందా? ఎంత మనిషి! ఆ కోపంతో పాటే ఇంకోటి కూడా కడుపులోంచి పొంగుకొచ్చింది. నా బిడ్డ అడిగింది. రోజూ అడిగింది. నవ్విన రోజు కూడా అడిగింది. ఏడవాలో తిట్టాలో తెలియక గుడ్డను గట్టిగా పిండి మళ్ళీ ఆవిడ నుదుటి మీద వేశాను.

వరండాలోంచి పాప గొంతు వినబడింది. “అమ్మా! ఆంటీకి తగ్గిందా?”

నా గురించి కాదు, ఆవిడ గురించి అడిగింది. మళ్ళీ అక్కడే కలుక్కుమంది నాకు. ‘పడుకుంది, ఆడుకో పో’ అని నేనే ఒక కేక వేస్తే సరిపోతుంది. అక్క మగతలో ఉంది, వినబడనైనా వినబడలేదు. పాప అడిగిందని ఆవిడకు ఎప్పటికీ తెలియదు. నోరు కూడా తెరిచాను.

వంగి ఆవిడ భుజం పట్టి కదిపాను. “అక్కా, లేవుండ్రి. పాప మిమ్ములనే అడుగుతుంది. మీరే జవాబు చెప్పుండ్రి.”